కంప్యూటర్ పక్కన ఉన్న పుస్తకం

2023 జూన్‌లో మా కంపెనీ నాకు రెండు తెలుగు రాష్ట్రాల కస్టమర్ సక్సెస్ టీమ్‌ను అప్పగించింది. మాది మందుల స్టాకిస్టులు, హోల్‌సేల్ వ్యాపారులు వాడుకునే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. అంతకుముందు నాలుగేళ్లు అదే ఆఫీసులో, మాదాపూర్‌లో, సపోర్ట్ డెస్క్ మీద కూర్చుని ఫోన్లు ఎత్తాను. అప్పుడు ఫోన్ వస్తేనే పని. ఇప్పుడు ఫోన్ రాకముందే మేం వెళ్లి పలకరించాలి. కొన్నవాళ్లకి సాఫ్ట్‌వేర్ నిజంగా అక్కరకొస్తోందా, ఏడాది తిరిగేసరికి రెన్యూవల్ కట్టి కొనసాగుతారా, ఆపేస్తారా అన్నది మా పూచీ.

టీమ్‌లో ఎనిమిది మంది. ఉత్తరాంధ్రకి ఒకరు, గోదావరి జిల్లాలకి ఒకరు, కృష్ణా గుంటూరు వైపు ఒకరు, రాయలసీమకి ఇద్దరు, తెలంగాణకి ముగ్గురు. అందరూ నాకంటే చిన్నవాళ్లు. అక్కా అనే పిలుస్తారు.

చేరిన రెండు నెలలకే ఈ-ఇన్‌వాయిస్ వచ్చి నెత్తిన పడింది. అంటే వ్యాపారుల మధ్య బిల్లుని ప్రభుత్వ జీఎస్టీ పోర్టల్‌లో నమోదు చేయించాలి. 2020 అక్టోబరులో 500 కోట్ల టర్నోవర్ ఉన్న కంపెనీలతో మొదలైన ఈ నిబంధన మెట్టు మెట్టూ దిగుతూ 2023 ఆగస్టు 1 నాటికి 5 కోట్ల దగ్గరికి వచ్చింది. జిల్లా కేంద్రాల్లో ఉండే మా స్టాకిస్టులు చాలామంది దాని పరిధిలోకి వచ్చేశారు. "పోయినేడు మాది నాలుగున్నరే కదమ్మా, మాకెందుకు?" అని అడిగేవాళ్లు. 2017-18 నుంచి ఏ ఒక్క ఏడు 5 కోట్లు దాటినా వర్తిస్తుందని చెబితే అప్పుడు పాత లెక్కలు తీసి చూసుకునేవాళ్లు. ప్రతి బిల్లుకీ పోర్టల్ నుంచి 64 అక్షరాల నంబరు రావాలి, క్యూఆర్ కోడ్ రావాలి. సరుకు కొనే పార్టీ పిన్‌కోడ్ తప్పున్నా, జీఎస్టీ నంబరు రద్దయి ఉన్నా బిల్లు వెనక్కి కొడుతుంది. సరుకు ఆటోలో ఎక్కించి డ్రైవరు హారన్ కొడుతుంటే కౌంటర్ మీద బిల్లు రాదు. అప్పుడు మాకు ఫోన్.

ఆ నెలంతా కష్టమైన ఫోన్ ఏది వచ్చినా నేనే తీసుకున్నాను. నాకు పని తెలుసు, తొందరగా తెమిలిపోతుంది, పిల్లలకి బరువు తగ్గుతుంది అనుకున్నాను. నెలాఖరున కర్నూలు, నంద్యాల చూసే అమ్మాయితో విడిగా కూర్చుని మాట్లాడుతుంటే చాలాసేపు తటపటాయించి చెప్పింది: "అక్కా, మీరు ఒకసారి ఫోన్ తీసుకున్నాక ఆ కస్టమర్ ఇంక నాకు చెయ్యడం లేదు. నేను చేసినా, మేడంకి ఇవ్వమ్మా అంటున్నారు."

ఆ మాటకి నాకు నిద్ర పట్టలేదు. నేను సాయం అనుకున్నది ఆ అమ్మాయికి తన ఊళ్లోనే చెల్లుబాటు లేకుండా చేసింది. మర్నాటి నుంచి నేను ఫోన్ తీసుకోవడం మానేశాను. వాళ్లు మాట్లాడుతుంటే పక్కన కూర్చునేదాన్ని. జవాబు తెలియక ఆగితే కాగితం మీద రాసి ముందుకు జరిపేదాన్ని, అంతే. మొదట్లో కస్టమర్లు విసుక్కున్నారు. రెండు మూడు నెలలకి నంద్యాల స్టాకిస్టు ఒకాయన ఆ అమ్మాయి పేరు చెప్పి, మా వాళ్లకి ఆ పిల్లే కావాలి అన్నాడు.

నన్ను ఈ పనిలో నిజంగా నిలబెట్టింది మాత్రం ఆ నవంబరులో గుంటూరు నుంచి వచ్చిన ఒక ఫోన్.

మా దగ్గర ప్రతి అకౌంట్‌కీ హెల్త్ స్కోర్ అని ఒకటి ఉంటుంది. రోజుకి ఎన్నిసార్లు లాగిన్ అవుతున్నారు, ఎన్ని బిల్లులు కొడుతున్నారు, ఎన్ని ఫిర్యాదులు పెట్టారు, బాకీ ఎంతుంది అన్నవి కలిపి కంప్యూటరే లెక్క వేస్తుంది. బాగుంటే పచ్చ, అనుమానమైతే పసుపు, పోయేలా ఉంటే ఎరుపు. గుంటూరు కొత్తపేటలో ఆ ఫోన్ చేసిన స్టాకిస్టు అకౌంట్ ఎప్పుడు చూసినా పచ్చే. రోజూ వందల బిల్లులు, ఆర్నెల్లలో ఒక్క ఫిర్యాదు లేదు. మా సమీక్షల్లో ఆ కొట్టు పేరే వచ్చేది కాదు. ఆ యజమాని ఫోన్ చేసి నెమ్మదిగా, "ఈ డిసెంబరుతో మీది ఆపేస్తున్నామమ్మా. వేరేది తీసుకున్నాం. మీ మీద కోపమేం లేదు, కొట్లో పని సాగట్లేదు" అన్నారు.

ఫోన్‌లో బతిమాలాలనిపించలేదు. ఆ రాత్రే బస్సెక్కి గుంటూరులో దిగాను.

కొత్తపేట అంటే గుంటూరులో ఆసుపత్రుల పేట. సందు సందునా డాక్టర్లు, వాళ్ల కింద మందుల షాపులు, ఆ షాపులకి సరుకు వేసే స్టాకిస్టులు. కొట్టు తెరిచేసరికే నేను గుమ్మంలో ఉన్నాను. యజమాని మర్యాదగా కూర్చోబెట్టి టీ తెప్పించారు గానీ మనసు మార్చుకునే మనిషి కాదని మాట తీరులోనే తెలిసింది. "నిర్ణయం మార్చుకోమని అడగనండి. ఈ పూటకి బిల్లింగ్ దగ్గర కూర్చోనివ్వండి చాలు" అన్నాను. సరే అన్నారు.

బిల్లింగ్ దగ్గర పెద్దాయన, అరవై దాటి ఉంటాయి. ముప్ఫై ఏళ్లుగా అదే కొట్లో గుమస్తా. బిల్లులు కొట్టడంలో ఆయన వేళ్లు చూస్తే ముచ్చటేసింది. మౌస్ ముట్టుకోరు. మందు పేరులో మూడక్షరాలు, ఎంటర్, బ్యాచ్, ఎంటర్, పది మీద ఒకటి ఫ్రీ స్కీము, ఎంటర్. మా డెమోల్లో మేం కూడా అంత వేగంగా చెయ్యలేం. పదకొండింటికి ఒక రిటైలర్ మనిషి అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎక్స్‌పైరీ సరుకు. రబ్బరు బ్యాండ్లు వేసిన స్ట్రిప్పులు, సగం కత్తిరించినవి, నాలుగు సిరప్ సీసాలు. పెద్దాయన కీబోర్డు పక్కకి జరిపి సొరుగులోంచి ఎర్ర రెక్సిన్ అట్ట ఉన్న పొడుగు పుస్తకం తీశారు.

స్కేలు పెట్టి గీసిన గళ్లు. పార్టీ, మందు, బ్యాచ్, ఎక్స్‌పైరీ నెల, ఎన్ని స్ట్రిప్పులు, ఏ బిల్లులో వెళ్లింది. చివరి గడి చాలా చోట్ల ఖాళీ. ఒక్కో స్ట్రిప్పు కళ్లద్దాల దగ్గరికి తెచ్చుకుని, వెండి రేకు మీద అణచి అచ్చుకొట్టిన బ్యాచ్ నంబరు వెలుతురుకి పెట్టి చదివి రాస్తున్నారు. నలభై రకాలు రాసేసరికి గంట దాటింది.

"బాబాయ్ గారూ, ఇది కంప్యూటర్‌లో కొట్టరా?" అన్నాను.

"కొట్టచ్చమ్మా. నీ కంప్యూటరు ప్రతి స్ట్రిప్పుకీ ఏ బిల్లో చెప్పమంటది. ఈయన ఎనిమిది నెల్లలో మా దగ్గర అరవై బిల్లులు తీసుకున్నాడు. ఈ స్ట్రిప్పు ఏ బిల్లుదో నాకెట్టా తెలుస్తది? అందుకని ఇందులో రాసుకుంటా. నెలాఖరున మొత్తం కలిపి ఒక్క పద్దు కింద కొట్టేస్తా."

ఆ ఒక్క పద్దు దగ్గరే అన్నీ తెగిపోతున్నాయి. ఏ బ్యాచ్ ఎంత వెనక్కి వచ్చిందో స్టాకులో కనబడదు. కంపెనీకి వాపసు పంపే గడువు దాటిపోతుంది. అప్పుడు ఆ సరుకు స్టాకిస్టు నెత్తిన మిగిలిపోతుంది. రిటైలర్‌కి ఇవ్వాల్సిన క్రెడిట్ నోట్, అంటే వెనక్కిచ్చిన సరుకు విలువ అతని బాకీలో తగ్గించే కాగితం, ఆలస్యమైతే అతను పాత బాకీలోంచి తనే కోసుకుని కడతాడు. దానితో లెడ్జర్ కలవదు. కాలం చెల్లిన మందుల వాపసు ఎలా చూపాలో 2018 అక్టోబరులో వచ్చిన జీఎస్టీ సర్క్యులర్ రెండు దారులు చెప్పింది: పాత బిల్లు మీద క్రెడిట్ నోట్ ఇవ్వడం, లేదంటే రిటైలరే దాన్ని కొత్త అమ్మకంలా బిల్లు చెయ్యడం. పెద్దాయన ఒక్క పద్దు ఆ రెంటిలో దేనికిందికీ రాదు. ఆడిటర్‌తో ఏటా ఇదే గొడవ. యజమాని అన్న పని సాగట్లేదన్న మాటకి అర్థం ఇది. ఆర్నెల్లుగా మాకు పచ్చగా కనబడింది ఆ పెద్దాయన వేళ్ల వేగం మాత్రమే.

ఫిర్యాదు ఎందుకు పెట్టలేదని అడిగాను. "ఎవరికి పెట్టాలమ్మా? మీవాళ్లు ఫోన్ చేస్తే అయ్యగారికి చేస్తారు. బిల్లింగ్ బానే ఉందాండీ అంటారు. బానే ఉంది అంటారాయన. బిల్లింగ్ బానే ఉందిగా మరి."

ఆయన అనుమతి తీసుకుని, పార్టీల పేర్లు కాగితంతో కప్పి ఆ పుస్తకంలో రెండు పేజీలు ఫొటో తీసుకున్నాను. ఆ కొట్టు మమ్మల్ని వదిలేసింది. డేటా మొత్తం ఎక్సెల్‌లో సర్ది, బ్యాచ్‌లవారీ నిల్వలు సరిచూసి చేతికి ఇచ్చాం. వెళ్లిపోయేవాళ్ల పని ఇంత శ్రద్ధగా ఎందుకని ఆఫీసులో ఒకరు అన్నారు. నాకు ఆ మాట ఇప్పటికీ మింగుడుపడదు. మన దగ్గర మూడేళ్లు డబ్బు కట్టిన మనిషి లెక్కలు మనం తిన్నగా అప్పజెప్పకపోతే ఎలా?

తిరిగొచ్చాక మా విజిట్ రిపోర్టులో ఒక గడి పెంచాను: "కంప్యూటర్ పక్కన ఏ పుస్తకం ఉంది?" వెళ్లినవాళ్లు యజమానితో మాట్లాడి వచ్చేస్తే చాలదు. బిల్లింగ్ మనిషి పక్కన రెండు గంటలు కూర్చోవాలి, కీబోర్డు ముట్టుకోకూడదు, సలహా చెప్పకూడదు. ఆయన కాగితం ఎప్పుడు తీస్తాడో చూడాలి. తీశాక ఎందుకు తీశాడో అడగాలి.

సలహా చెప్పకుండా కూర్చోవడం మావాళ్లకి చాలా కష్టమైంది. సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్లకి అవతలివాళ్లు తడుముకుంటుంటే చెయ్యి ఆగదు. ఆగినవాళ్లకి పుస్తకాలు దొరికాయి. రాజమండ్రిలో కలెక్షన్ పుస్తకం: లైన్ మీదకి వెళ్లే కుర్రాడు డబ్బుతో పాటు ఏ బిల్లుకి ఎంతో అందులో రాసుకొస్తాడు, సాయంత్రం మళ్లీ కంప్యూటర్‌లో ఎక్కిస్తారు. కరీంనగర్‌లో స్కీముల పుస్తకం: కంపెనీ రిప్రజెంటేటివ్ నోటిమాటగా చెప్పి వెళ్లిన ఆఫర్లు, తర్వాత ఆ డబ్బు కంపెనీ నుంచి రాబట్టుకోవడానికి. శ్రీకాకుళంలో ఫ్రిజ్ పుస్తకం: ఇన్సులిన్లు, వ్యాక్సిన్లు ఎప్పుడు లోపల పెట్టారో, ఎప్పుడు తీశారో. ఒక్కోటీ మా సాఫ్ట్‌వేర్ చెయ్యని పని, లేదా చేస్తుందని మేం చెప్పుకున్నా వాళ్లకి అక్కరకు రాని పని.

దీనివల్ల మాకు మొదట నష్టమే జరిగింది. పుస్తకం దొరికిన ప్రతి అకౌంట్‌నీ పచ్చలోంచి పసుపులోకి మార్చాం. 2024 మార్చి సమీక్షలో మిగతా రీజియన్లన్నీ పచ్చగా ఉంటే మాది పసుపుపచ్చ చేను. ఎందుకింత పడిపోయిందని అడిగారు. బస్సు ఛార్జీల లెక్క కూడా అడిగారు. మావాళ్ల ఇంక్రిమెంట్లు ఆ రంగుల మీదే ఆధారపడి ఉంటాయి. అక్కడ గొంతు తడారిపోయింది. అయినా చెప్పాను: వీళ్లు నిజం రాశారు, నిజం రాసినందుకు వీళ్లకి జీతం తగ్గితే వచ్చే ఏడాది మీకు మళ్లీ అబద్ధపు పచ్చే కనబడుతుంది, అప్పుడు గుంటూరులాంటివి ఎన్ని పోయినా ముందు తెలియదు. ఆ పూట ఎవరూ ఔననలేదు, కాదనలేదు. రెండు వారాల తర్వాత మా రీజియన్‌కి రంగుతో పాటు ఆ ఏడాది వదిలిపోయిన అకౌంట్లు ఎన్నన్నది కూడా కలిపి చూడడానికి ఒప్పుకున్నారు. సగం గెలిచాం.

ప్రోడక్ట్ టీమ్‌తో పని ఇంకా పెద్దది. వాపసు ఎంట్రీ మార్చాలంటే, "ఇప్పుడు కూడా చెయ్యొచ్చు కదా, బిల్లు ఎంచుకుంటే అయిపోతుంది" అన్నారు. వాదించలేదు. ఎక్స్‌పైరీ సరుకు నిండిన అట్టపెట్టె ఒకటి మా వరంగల్ కస్టమర్ దగ్గర అడిగి తెచ్చాను. మీటింగ్ బల్ల మీద బోర్లించి, ఇవి ఎంట్రీ చేసి చూపించండి అన్నాను. రేకు మీద బ్యాచ్ నంబరు వెతుక్కుంటూ, కత్తిరించిన స్ట్రిప్పుల్లో అది కనబడక ఒక్కో దానికి తంటాలు పడ్డారు. ఏడో స్ట్రిప్పు దగ్గర వాళ్లే ఆగిపోయారు. తర్వాత గుంటూరు పుస్తకం ఫొటోలు తెర మీద పెట్టాను.

ఐదు నెలలు పట్టింది. ఇప్పుడు పార్టీ పేరూ బ్యాచ్ కొడితే ఆ బ్యాచ్ ఆ పార్టీకి వెళ్లిన బిల్లులన్నీ సాఫ్ట్‌వేరే వెతుకుతుంది. వెనక్కి వచ్చిన సంఖ్యని వాటి మీద తనే సర్దుతుంది. ఏ స్ట్రిప్పు ఏ తేదీ బిల్లుదో ముడి పడి ఉంటుంది. ఆ ముడి విలువ మాకు అప్పుడు పూర్తిగా తెలియదు. 2025 సెప్టెంబరులో తెలిసింది.

సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ 12, 28 శాతం స్లాబులు తీసేస్తున్నట్టు ప్రకటించింది. మందులు చాలావరకు 12 నుంచి 5 శాతానికి వచ్చాయి. 33 ప్రాణరక్షక మందులు 12 నుంచి సున్నాకి, మరో 3 మందులు 5 నుంచి సున్నాకి. థర్మామీటర్లు 18 నుంచి 5కి. అమలు సెప్టెంబరు 22. మా చేతిలో 19 రోజులు.

బయటివాళ్లకి రేటు మార్చడమంటే ఒక అంకె మార్చడం. మందుల కొట్లో అలా ఉండదు. సున్నాకి వెళ్లిన మందుల జాబితా మందుల పేర్లతో ఉంది, మా మాస్టర్‌లో, అంటే సాఫ్ట్‌వేర్‌లోని మందుల పట్టికలో, రేటు హెచ్‌ఎస్‌ఎన్ కోడ్‌తో ఉంది. అది పన్ను కోసం సరుకు రకానికి ఇచ్చే నంబరు. ఒకే కోడ్ కింద 5 శాతంవీ సున్నావీ కలిసి ఉంటాయి. అందుకని ఒక్కో మందూ పేరు పట్టి విడదీశాం. షెల్ఫ్ మీద స్ట్రిప్పు మీద 112 రూపాయలని అచ్చయి ఉంటే అసలు ధర మారకపోయినా అది 105 కావాలి. బయటికి వెళ్లిన పాత సరుకు మీద స్టిక్కర్లు తప్పనిసరి కాదని, రిటైలర్ దగ్గర కొత్త ధర అమలైతే చాలని ధరల నియంత్రణ సంస్థ చెప్పింది. అంటే ఆ భారం మొత్తం బిల్లింగ్ మీద పడింది. రిటైలర్లు ముందే సరుకు తీసుకోవడం తగ్గించేశారు, స్టాకిస్టులకి ఆ రెండు వారాలూ కౌంటర్లు వెలవెల. ఫోన్లలో ఒకటే ప్రశ్న: నిండా సరుకు ఉంది, నా పన్నెండు శాతం పోయినట్టేనా? పోలేదు, కొన్నప్పుడు కట్టిన పన్ను క్రెడిట్‌లో ఉంటుంది, సున్నాకి వెళ్లిన వాటి మీద మాత్రం వెనక్కి కట్టాలి, ఆడిటర్‌తో కూర్చోండి అని ఓపిగ్గా చెప్పేవాళ్లం. ఈసారి నేను ఒక్క ఫోన్ కూడా తీసుకోలేదు. ఎనిమిది మందీ వాళ్ల వాళ్ల ఊళ్ల యాసలో, వాళ్ల వాళ్ల కస్టమర్లతో మాట్లాడుకున్నారు. మాస్టర్ మార్చే పద్ధతి వీడియోలు ఎనిమిదీ ఎనిమిది మంది గొంతుల్లో చేశాం. శ్రీకాకుళం ఆయనకి శ్రీకాకుళం పిల్లవాడి మాట తొందరగా ఎక్కుతుంది.

21 ఆదివారం. తెలంగాణలో ఎంగిలిపూల బతుకమ్మ. తెలంగాణ చూసే ముగ్గురిలో ఇద్దరు ఆడపిల్లలు. రాత్రి 12కి మాస్టర్ మారాలి కాబట్టి అందరూ ఆఫీసుకి రావాల్సిన రోజు. పేర్చుకోవాల్సిన పూట ఇక్కడ కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. మధ్యాహ్నమే పంపేసి, ఆట అయ్యాక తొమ్మిదిన్నరకి రమ్మన్నాను. వరంగల్ పిల్ల చేతులకి పసుపుతో, జడలో తంగేడు పువ్వుతో, అందరికీ డబ్బాలో సత్తుపిండి తెచ్చింది. పదకొండు నుంచి రెండింటి దాకా ఎవరూ కుర్చీలోంచి లేవలేదు. ఒంటిగంటకి అనంతపురంలో ఒక సర్వర్ మొండికేసింది, రాయలసీమ కుర్రాడు ఫోన్‌లోనే దాన్ని లేపాడు. తెల్లారి మొదటి బిల్లు విజయవాడలో పడింది, 5 శాతంతో, తిన్నగా.

అసలు గండం తర్వాత వారం మొదలైంది. 22కి ముందు అమ్మిన సరుకు వెనక్కి వస్తే క్రెడిట్ నోట్ పాత బిల్లు రేటుకే, అంటే 12 శాతానికే ఇవ్వాలి. తర్వాత అమ్మినది వస్తే 5కి. ఒకే పెట్టెలో రెండూ ఉంటాయి, పైకి ఒకేలా ఉంటాయి. వాపసుని బిల్లుకి ముడివేసిన మా సాఫ్ట్‌వేర్‌లో అది తనంతట తనే విడిపోయింది. ఎవరినీ ఏమీ చెయ్యమని చెప్పాల్సిన పని లేకపోయింది.

అక్టోబరు మూడో వారంలో నా ఫోన్‌కి గుంటూరు నంబరు వచ్చింది. పెద్దాయన. కొత్త సాఫ్ట్‌వేర్‌లో కూడా వాపసులు పుస్తకంలోనే రాస్తున్నారట, ఇప్పుడు ఏది పన్నెండో ఏది ఐదో తెలియక నెలాఖరు పద్దు ఆగిపోయిందట. "నిన్ను అడగచ్చో లేదో తెలియదమ్మా" అన్నారు. అడగచ్చు బాబాయ్ గారూ అని, బ్యాచ్‌ని బట్టి పాత బిల్లులు ఎలా వెతకాలో, పుస్తకంలో బిల్లు తేదీకి ఒక గడి ఎలా పెంచాలో నలభై నిమిషాలు చెప్పాను. ఆయన పేజీల ఫొటోల మీదే మా దగ్గర ఆ పని జరిగిందని కూడా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "నా చేతిరాత అందరికీ చూపించావా?" అన్నారు. చూపించానన్నాను. "గళ్లు తిన్నగానే గీశానులే" అన్నారు.

వచ్చే గురువారం కృష్ణా గుంటూరు చూసే కుర్రాడు కొత్తపేట వెళ్తున్నాడు. ఆ కొట్టు మా జాబితాలో లేదు. లోపలికి వెళ్లి ఆ పుస్తకం ఎంతవరకు వచ్చిందో చూసి రమ్మన్నాను.